పని చేస్తుండగా చూడాలి

పెళ్ళిచూపుల రోజున ఇంటిల్లిపాదికీ చేతినిండా పనే, ఒక్క పెళ్ళికూతురికి తప్ప. ఆ పిల్ల బ్యాంకులో క్యాషియరు కావచ్చు, ఆసుపత్రిలో నర్సు కావచ్చు, పొలం గట్ల మీద తిరిగే వ్యవసాయ విస్తరణాధికారి కావచ్చు. ఆ పూటకి సెలవు పెట్టిస్తారు. చీర కట్టి, తలలో పూలు పెట్టి, తీసుకొచ్చి కూర్చోబెడతారు. అబ్బాయీ అంతే. చొక్కా నలగకుండా సోఫా అంచున కూర్చుంటాడు. ఇద్దరూ రోజులో ఎక్కువ భాగం ఏ పనిలో గడుపుతారో, ఏ పని వాళ్ళ చేతుల్నీ చూపునీ మాటతీరునీ దిద్దిందో, ఆ పని జాడ ఆ గదిలో ఎక్కడా ఉండదు. జీతం ఎంతో చెబుతారు, ఉద్యోగం పేరు చెబుతారు. ఆ ఉద్యోగంలో మనిషి ఎలా ఉంటాడో మాత్రం ఎవరికీ తెలియదు.

పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళ మీద నాకు కోపం లేదు. మా ఇంట్లో అన్నీ అవే. వాటిలో చల్లగా సాగిన కాపురాలు ఎన్నో చూశాను. కానీ ఇద్దరు మనుషుల మధ్య ఇష్టం ఎక్కడ మొదలవుతుందని ఎవరైనా అడిగితే, నాకు తోచేది ఒకటే. మనిషి తన పనిలో మునిగిపోయి, తనను ఎవరూ గమనించడం లేదనుకుంటున్న సమయంలో పక్కనుంచి ఎవరో చూస్తారు చూడండి, అక్కడ. ముఖం చూసి కలిగే ఇష్టం ఉంటుంది, కాదనను. అది వయసుది. పనిలో చూసి కలిగే ఇష్టంలో నమ్మకం కూడా కలిసి ఉంటుంది.

ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు భానుమతి గుర్తొస్తారు. ఒంగోలు దగ్గర దొడ్డవరంలో 1925లో పుట్టిన పిల్ల, పదమూడేళ్ళకే సి.పుల్లయ్య తీసిన 'వరవిక్రయం'తో తెర మీదికి వచ్చింది. అది 1939. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారికి సంగీతమంటే ప్రాణం, కూతురి గొంతంటే అంతకన్నా ప్రాణం. సినిమాల్లోకి పంపారు గానీ ఆయన నిఘా లేకుండా పంపలేదు. కథానాయకుడు తన కూతుర్ని తాకే సన్నివేశాలు ఉండకూడదని షరతు పెట్టారు. అప్పటి సెట్టు ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. చుట్టూ పెద్ద లైట్లు, కాళ్ళకింద వైర్లు, మధ్యలో ఇంకా ఇరవై నిండని అమ్మాయి. ఆమె గొంతు, ఆమె తల ఎగరేసే తీరు అప్పటికే జనానికి తెలుసు. అందరి కళ్ళూ ఆమె మీదే ఉండే చోటు అది. అలాంటి చోట ఆమె కళ్ళు ఎవరి మీద పడ్డాయి?

1943లో హెచ్.వి.బాబు దర్శకత్వంలో వచ్చిన 'కృష్ణప్రేమ'కి పని చేస్తున్న పి.ఎస్.రామకృష్ణారావు అనే సహాయకుడి మీద. నాయకుడు కాదు, నిర్మాత కాదు, డబ్బున్నవాడు కూడా కాదు. మాటలు తక్కువ, పని ఎక్కువ అని పేరున్న మనిషి.

దర్శకుడి దగ్గర సహాయకుడిగా ఉండటమంటే ఏమిటో సినిమా వాళ్ళని అడగండి. ముందు షాట్‌లో గాజులు ఏ చేతికి ఎన్ని ఉన్నాయి, కొంగు ఏ భుజం మీద ఉంది, పూలు ఎటు వాలి ఉన్నాయి, గ్లాసులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలి. మళ్ళీ ఆ సన్నివేశం తీసేది మర్నాడు కావచ్చు, పది రోజుల తర్వాత కావచ్చు. డైలాగు కాగితాలు అందరికీ అందాయో లేదో చూడాలి. ఎవరు అలిగారో, ఎవరు భోంచేయలేదో కనిపెట్టాలి. సినిమా బాగా వస్తే ఆ మనిషి ఎవరికీ గుర్తురాడు, ఏదైనా తేడా వస్తే అందరూ అతన్నే చూస్తారు. ఎవరి కంటా పడకుండా, తన కంట ఏదీ జారిపోకుండా పని చేసే మనిషన్న మాట. వేలమంది చూసే అమ్మాయికి, ఆ చూపుల్లోని తేలికదనం తెలిసిన అమ్మాయికి, అలాంటి మనిషి నచ్చడంలో నాకు ఎంతో న్యాయం కనిపిస్తుంది. గాజులు ఎన్నో లెక్కపెట్టేవాడి చూపులో ఆరాధన లేదు. శ్రద్ధ ఉంది.

తండ్రికి మొదట ఇష్టం లేదు. తారగా ఎదుగుతున్న కూతురు సహాయ దర్శకుణ్ణి చేసుకుంటానంటే ఏ తండ్రికి మింగుడుపడుతుంది? ఆమె పట్టు విడవలేదు. 1943 ఆగస్టు 8న పెళ్ళి అయింది. ఆ తర్వాత ఆవిడ సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనే అనుకున్నారు. బి.ఎన్.రెడ్డి 'స్వర్గసీమ' కోసం పిలిచి ఉండకపోతే తెలుగువాళ్ళకి ఆ భానుమతి దక్కేవారు కాదేమో. 1945లో ఆ సినిమా వచ్చింది. వీధిలో ఆడిపాడే సుబ్బి, రంగస్థలం మీద సుజాతాదేవి అయ్యే పాత్ర అది. ఇక వెనక్కి తిరిగి చూసుకునే పని లేకపోయింది.

చాలామంది వాళ్ళ కథని పెళ్ళితో ఆపేస్తారు. నాకు అసలు కథ ఆ తర్వాతే కనిపిస్తుంది. కొడుకు భరణి పేరుతో సొంత సంస్థ పెట్టుకుని, 1948లో 'రత్నమాల' తీశారు. భర్త దర్శకుడు, భార్య నాయిక. మరుసటి ఏడాది 'లైలా మజ్ను'. 1954లో 'విప్రనారాయణ'. 1961లో బెంగాలీ రచయిత శరత్ నవల ఆధారంగా 'బాటసారి'. 'చక్రపాణి'కి ఆయన దర్శకత్వం, ఆమె సంగీతం. 1953లో 'చండీరాణి'కి ఆమే దర్శకురాలు, అదీ తెలుగు, తమిళం, హిందీ మూడింట్లో. ఎక్కడ ఎవరు ముందు, ఎవరు వెనక అని చూస్తే చోట్లు మారుతూనే ఉంటాయి. 'విప్రనారాయణ' తీసుకోండి. నిష్ఠాపరుడైన భక్తుణ్ణి తన వలలో వేసుకుంటానని పంతం పట్టిన దేవదేవి పాత్ర ఆవిడది. ఎదుట అక్కినేని. ఆ వగలూ ఆ విలాసమూ ఎంతవరకు పలకాలో, ఎక్కడ ఆగాలో కెమెరా పక్క నుంచి చెప్పేది కట్టుకున్న భర్త. ఇద్దరికీ పని మీద గురి లేకపోతే ఆ సన్నివేశం ఆ కాపురంలో ముల్లు అయి ఉండేది. అక్కడ అది మంచి సినిమా అయింది. రామకృష్ణారావుగారు 1986లో పోయారు. ఆవిడ 2005 దాకా ఉన్నారు. చివరిదాకా ఆవిడ పేరు భానుమతీ రామకృష్ణే.

మన సినిమాల్లో కనిపించే ప్రేమ వేరు. దాన్ని గురించి గట్టిగానే చెప్పాలి. దశాబ్దాల తరబడి మన తెర మీద నాయకుడు నాయికని బస్టాపులో చూస్తాడు, గుడిలో చూస్తాడు, పాటలో చూస్తాడు. వెంటపడతాడు. ఆ పిల్ల ఏం చదువుతోందో అతనికీ తెలియదు, మనకీ చెప్పరు. పుస్తకాలు గుండెలకి హత్తుకుని నడుస్తుంది, అంతే. ఆ పుస్తకాలు ఏమిటో దర్శకుడికి అక్కర్లేదు. దీన్ని చూసి పెరిగిన కుర్రాళ్ళు వెంటపడటమే ప్రేమ అనుకున్నారు. ఆ అనుకోవడం వల్ల ఎంతమంది ఆడపిల్లలు చదువు మానుకుని ఇంట్లో కూర్చున్నారో బడిలో పని చేసినదాన్ని కనుక కళ్ళారా చూశాను. ఒక మనిషి పనిని చూడని చూపు ఆ మనిషిని సగమే చూస్తుంది. ఆ సగం మీద హక్కు అడుగుతుంది.

పనిచోట చూసేవన్నీ మంచి చూపులే అని కూడా నేననను. పైఅధికారి చూపు ఉంటుంది. దానికి భయపడి నవ్వాల్సి వచ్చే ఆడపిల్లలు ప్రతి ఆఫీసులోనూ ఉన్నారు. అవతలి మనిషి జీతమూ బదిలీ తన చేతిలో పెట్టుకుని ఇష్టమనే మాట ఎత్తకూడదు. నేను చెప్పేది సాటి మనిషి చూపు గురించి, లేదా కింద ఉన్నవాళ్ళని పై నుంచి కాకుండా పక్కనుంచి చూసే చూపు గురించి.

నా సంగతి చెబుతాను. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. పదో తరగతి పరీక్షలు కాగానే జిల్లా కేంద్రంలో స్పాట్ వాల్యుయేషన్ పడేది. ఏప్రిల్ ఎండ, రేకుల షెడ్డులాంటి హాలు, గాలి కన్నా చప్పుడు ఎక్కువ ఇచ్చే ఫ్యాన్లు. పొద్దున్న ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట దిద్దాలి. దిద్దిన పేపర్లు స్పెషల్ అసిస్టెంట్లకి వెళ్తాయి. వాళ్ళ పని మార్కులు కూడి చూడటం, దిద్దకుండా వదిలేసిన జవాబులు ఉన్నాయేమో వెతకడం. ఆ పనికి ఎక్కువగా చిన్న తరగతులకి చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లని వేసేవారు. మేం దిద్దేవాళ్ళం గనుక కాస్త పెద్దవాళ్ళం అనుకునేవాళ్ళం, వాళ్ళు కూడేవాళ్ళు గనుక కాస్త చిన్నవాళ్ళని. హాల్లో కూర్చునే తీరులోనే ఆ తేడా ఉండేది.

మా బల్లకి వేసినాయన సన్నగా, నల్లగా, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని ఉండేవారు. మిగతావాళ్ళు పేపరు మొదటి పేజీలో మార్కుల పట్టీ చూసి కూడేసి పక్కన పెట్టేస్తున్నారు. ఈయన ప్రతి పేజీ తిప్పేవారు. రాత అయిపోయి, కొట్టేసిన గీత కనిపించినా ఆగేవారు కాదు. ఖాళీ పేజీలు కూడా ఒక్కొక్కటే తిప్పేవారు. దారంతో కట్టిన అడిషనల్ షీట్లయితే ముడి విప్పకుండా మూల ఎత్తి లోపలికి చూసేవారు. ఎందుకంత ఓపిక అని నేను ఆశ్చర్యపోతూ ఉండగానే ఒక మధ్యాహ్నం ఆయన చెయ్యి ఆగింది. నాలుగు ఖాళీ పేజీల తర్వాత, చిట్టచివరి షీటు మీద, ఆ పిల్లో పిల్లవాడో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం పూర్తిగా రాశారు. పేజీల మధ్య ఖాళీ ఎందుకు వదిలారో ఎవరికి తెలుసు? బహుశా ముందు జవాబు తర్వాత రాద్దామనుకుని ఉంటారు. ఆ జవాబు మీద ఎర్రసిరా పడలేదు.

ఆ పేపరు దిద్దినాయన మా బల్ల చివర కూర్చున్న పెద్ద మాస్టారు. వచ్చే ఏడాది రిటైరవబోతున్నారు. చత్వారం. చీఫ్ ఎగ్జామినర్ అవతలి వైపు ఉన్నారు. పేపరు నేరుగా ఆయనకిస్తే సరిపోతుంది, రూలు కూడా అదే అనుకుంటాను. కానీ ఈయన లేచి, పేపరు మడిచి పట్టుకుని, పెద్ద మాస్టారి దగ్గరికి వెళ్ళి వంగి, "మాస్టారూ, ఇక్కడ ఇంకొకటి రాశాడండీ" అన్నారు. పక్కనున్న నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఆ పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివి, మార్కులు వేసి, మొత్తం మార్చి, సంతకం పెట్టి, "చల్లగా ఉండు నాయనా" అన్నారు. ఈయన తిరిగొచ్చి తరవాతి పేపరు ఖాళీ పేజీలు తిప్పడం మొదలుపెట్టారు.

ఆ పేపరు ఎవరిదో మాకు తెలియదు, తెలిసే వీలూ లేదు. నంబరు తప్ప పేరుండదు. ముఖం తెలియని ఆ బిడ్డకి దక్కాల్సింది దక్కించడం, ముఖం తెలిసిన ఆ పెద్దాయన పరువు దక్కించడం, రెండూ ఒకే నిమిషంలో చేసి, చేసినట్టు కూడా కనిపించని మనిషి. అది చూశాక ఆయన సన్నమా నలుపా అన్నది నాకు పట్టలేదు. ఈ మనిషి ఇంట్లో ఉంటే బాగుంటుందని, అంత స్పష్టంగా, ఆ మాటల్లోనే అనిపించింది.

ఆ తర్వాత జరిగినవన్నీ అందరిళ్ళల్లో జరిగేవే. మా నాన్న లెక్చరర్ సంబంధం చూస్తున్నారు. "స్కూల్ అసిస్టెంటువి నువ్వు, సెకండరీ గ్రేడు వాణ్ణి చేసుకుంటావా?" అన్నారు. ఆయన తరఫు వాళ్ళకి, కోడలి జీతం కొడుకు జీతం కన్నా ఎక్కువన్న బెంగ. మా అమ్మ మాత్రం నేను చెప్పిందంతా విని, "ఖాళీ పేజీలు తిప్పాడా?" అని రెండుసార్లు అడిగి, నాన్నతో తనే మాట్లాడింది. మా పెళ్ళయింది. మా ఆయన తర్వాత ప్రమోషన్ మీద స్కూల్ అసిస్టెంటయ్యారు, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు.

ఆయన వైపు కథ నాకు చాలా ఏళ్ళ దాకా తెలియదు. నేను పేపర్లు దిద్దేటప్పుడు, రాత అర్థం కాకపోతే కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకి పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివేదాన్నట. "సున్నా వేసి పడేస్తే అడిగేవాడు లేడు. కిటికీ దాకా నడిచేదానివి" అన్నారు. నేను ఆయన్ని చూస్తున్న రోజుల్లోనే ఆయనా నన్ను చూస్తున్నారని, ఇద్దరికీ ఆ సంగతి తెలియదని అప్పుడు అర్థమైంది.

ఒకరినొకరు ఎంచుకోనివాళ్ళ సంగతేమిటి అని అడగొచ్చు. సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగానికీ రాజ్యలక్ష్మమ్మకీ చిన్నతనంలోనే పెళ్ళి చేశారు. చూడటం, మెచ్చడం, ఎంచుకోవడం అన్న మాటలకే తావు లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరు ఎదురు తిరిగింది. వంటవాళ్ళు రామన్నారు, నీళ్ళు మోసేవాళ్ళు కూడా మానేశారు. రాజ్యలక్ష్మమ్మ గోదావరికి వెళ్ళి తనే బిందెతో నీళ్ళు మోసుకొచ్చి, తనే వంట చేసి, పెళ్ళి భోజనాలు పెట్టింది. చరిత్ర పుస్తకాలు ఆ రోజుని ఆయన పేరు మీద రాశాయి. నేను ఆ బిందె గురించి ఆలోచిస్తాను. బిందె చంకనెత్తుకుని రేవు మెట్లెక్కుతున్న భార్యని ఆయన గుమ్మంలోంచి చూసి ఉంటారు కదా. ఊరంతా తలుపులు వేసుకున్న రోజున తన ఉద్యమాన్ని భుజాన మోసుకొస్తున్న మనిషి అది. ఊరికి కనిపించకూడదని ఇళ్ళల్లో దాచే ఆడవాళ్ళ పని ఆ రోజు వీధిలో నడిచింది. ఆ దంపతులకి పిల్లలు లేరు. వాళ్ళింట ఆశ్రయం పొందిన వితంతువులకి ఆవిడే అమ్మ. పెద్దలు ముడివేసిన పెళ్ళిలో ప్రేమ పుట్టడమంటే నాకు ఈ ఇద్దరే కళ్ళముందు నిలుస్తారు.

మన ఊళ్ళ సంగతి ఇలా ఉంటే, పారిస్‌లో 1894లో పోలండు నుంచి వచ్చిన మరియా స్క్లొడోవ్‌స్కా అనే విద్యార్థిని ఉక్కు రకాల అయస్కాంత గుణాల మీద పరిశోధన చేస్తూ, పరికరాలు పెట్టుకునే చోటు కోసం వెతుక్కుంటోంది. తెలిసిన భౌతికశాస్త్రవేత్త ఒకరు పియేర్ క్యూరీని పరిచయం చేశారు. చోటు కోసం మొదలైన పరిచయం అది. 1895 జూలై 26న పెళ్ళి చేసుకున్నారు. ఆమె ముదురు నీలం దుస్తులు ఎంచుకుంది, తర్వాత ప్రయోగశాలలో వేసుకోవడానికి పనికొస్తాయని. 1903లో రేడియోధార్మికత మీద పరిశోధనకి నోబెల్ బహుమతి ఇచ్చేటప్పుడు ఆమె పేరు వదిలేసి, పియేర్‌కీ, శాస్త్రవేత్త బెకెరల్‌కీ ఇద్దామనుకున్నారు. సంగతి తెలిసి పియేర్ ఆమె పేరు చేర్చాల్సిందేనని పట్టుబట్టాడు. ఎన్నాళ్ళు వాళ్ళ ప్రయోగశాల షెడ్డులో ఆమె ఖనిజం మరిగించిందో, ఏ ఆలోచన ఎవరిదో అతనికి తెలుసు, పక్కనే నిలబడి చూశాడు గనుక. పూలు ఇచ్చే భర్తలు చాలామంది ఉంటారు. భార్య పని భార్యదేనని నలుగురిలో చెప్పే భర్త దొరకడం ఎప్పుడూ కష్టమే.

ఇప్పటి పిల్లల పనులు కంటికి కనిపించేవి కావు. మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది, అల్లుడూ అంతే. మ్యాట్రిమోనీ ద్వారా కుదిరిన సంబంధం. నా మాట మీద వాళ్ళిద్దరినీ ఒకరి ఆఫీసుకి ఒకరిని పంపిద్దామని చూశాను గానీ, లోపలికి రానివ్వరని, రానిచ్చినా తెర తప్ప కనిపించేదేమీ లేదని నవ్వారు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మర్యాదగానే ఉండేవారు. అది నాకు కాస్త దిగులుగానే ఉండేది. పొద్దున వెళ్ళి రాత్రి వచ్చే ఇద్దరు మంచి మనుషులు ఒకే ఇంట్లో అద్దెకున్నట్టుండేవారు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. కొండాపూర్‌లో రెండు గదుల ఫ్లాటు. ఒక గదిలో అమ్మాయి, హాల్లో డైనింగ్ టేబుల్ మీద అల్లుడు, ఎవరి ల్యాప్‌టాప్ వాళ్ళది. తలుపు వేసినా మాటలు వినపడతాయి. ఒక రాత్రి అమ్మాయి నీళ్ళకోసం వంటింట్లోకి వెళ్తుంటే అల్లుడు కాల్‌లో ఉన్నాడట. ఏదో పని చెడింది, అవతల పెద్దవాళ్ళు కోపంగా ఉన్నారు. అతని టీములో కొత్తగా చేరిన కుర్రాడి వల్ల జరిగిందని అంతకు ముందే అమ్మాయి విని ఉంది. అల్లుడు ఆ కుర్రాడి పేరు ఎత్తలేదు. "నేను చూసుకోవాల్సింది, చూసుకోలేదు. రేపు పొద్దుటికి సరిచేసి ఇస్తాను" అన్నాడు. కాల్ అయ్యాక ఆ కుర్రాడికే ఫోన్ చేసి, అన్నం తిన్నావా అని అడిగి, ఇద్దరూ కూర్చుని తెల్లవారుజాము దాకా సరిచేశారు.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి ఫోన్ చేసింది. మామూలుగా వారాంతంలో తప్ప చేయదు. ఏమైందే అని కంగారుపడ్డాను. ఏమీ కాలేదంది. రాత్రి జరిగిందంతా చెప్పింది, ఆ కుర్రాడి సంగతి, అన్నం సంగతి, మూడింటికి తను లేచి ఒకరికి తన చేతుల్తో టీ పెట్టిచ్చి, ఇంకొకరిని ఫోన్లోనే టీ పెట్టుకోమన్న సంగతి. మధ్యలో రెండుసార్లు ఆగింది. తర్వాత, "అమ్మా, ఆయన చాలా మంచివాడే" అంది. పెళ్ళయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆ మాట అనడం అదే మొదటిసారి. ఫోన్ పెట్టేశాక, నాన్నకి కూడా చెప్పమని మళ్ళీ చేసింది.